స్కాన్‌లో ఏమొచ్చిందంట?

మైదానంలో ఆటగాడు కూలితే పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మొదట అడిగే ప్రశ్న ఇది. దెబ్బ కనిపిస్తే ఒక న్యాయం, కనిపించకపోతే ఇంకో న్యాయం: ఆటలోనూ, ఫ్యాక్టరీలోనూ.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో పొద్దున షిఫ్టులు మారే వేళ టీ కొట్ల దగ్గర రెండు గుంపులు ఎదురుపడతాయి. నైట్ డ్యూటీ దిగి సంగారెడ్డిలోని గదులకు పోయేవాళ్లు ఒకవైపు. ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు బస్సుల కోసం నిలబడ్డవాళ్లు ఇంకోవైపు. మాటలకు దొరికే టైము టీ చల్లారేంత. స్కోరు ముచ్చట అందులో సగం కూడా పట్టదు. అది అందరి ఫోన్లలో ఉన్నదే. తెగకుండా సాగేది గాయం ముచ్చట.

‘‘నితీశ్ ఆడుతుండా అన్నా?’’

‘‘యాడ ఆడతడు? మోకాలు పట్టేసిందంట.’’

‘‘స్కాన్‌ల ఏమొచ్చిందంట?’’

‘‘గది చెప్తలేరు.’’

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మీద ఇక్కడి వాళ్లకు కాస్త ఎక్కువ అభిమానం. ఆయన తండ్రి ముత్యాల రెడ్డి కొడుకు ఆట కోసం హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్నారు. ఫ్యాక్టరీ జీతం వదులుకోవడం అంటే ఏమిటో ఈ చౌరస్తాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో నితీశ్ 114 కొట్టినప్పుడు ఆ తండ్రి కన్నీళ్లు అందరూ చూశారు. ఆ తర్వాతి ఏడాదంతా మాత్రం నితీశ్ వార్తలు సగం ఆస్పత్రి వార్తలే. 2025 జనవరిలో పక్క కండరం పట్టేసి ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ పోయింది. జూలైలో లార్డ్స్‌లో ఒకే ఓవర్లో ఓపెనర్లిద్దరినీ పడగొట్టిన పది రోజులకే జిమ్‌లో ఎడమ మోకాలు దెబ్బతిని ఇంటిదారి పట్టాడు. అక్టోబర్‌లో అడిలైడ్ వన్డేలో ఎడమ తొడ కండరం. అది తగ్గుతుండగానే మెడ పట్టేసింది.

అభిమానికి శరీరశాస్త్రం ఇలాగే వస్తుంది, పాఠం చెప్పేవాళ్లెవరూ లేకుండా. ‘సైడ్ స్ట్రెయిన్’ అంటే బౌలింగ్ చెయ్యని చేతి వైపు పక్కటెముకల దగ్గర కండరం చిరగడమని, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చని ఇక్కడ లేత్ ఆపరేటర్లు చెప్పగలరు. తొడ వెనక కండరం చిరిగితే గ్రేడ్ ఒకటో, రెండో, మూడో తేలేదాకా ఎవరూ నోరు విప్పరని తెలుసు. ఎముకలో సన్నని పగులు ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చని, ఎంఆర్ఐ తీస్తే బయటపడుతుందని తెలుసు. ‘వైద్య బృందం పర్యవేక్షణలో ఉన్నాడు’ అని బోర్డు ప్రకటన వస్తే ఈ వారం ఆడడని అర్థం. ‘ముందుజాగ్రత్తగా విశ్రాంతి’ అంటే ఇంకా నయం. ఏ ప్రకటనా రాకపోతేనే భయపడాలి. వీళ్ల లెక్కలు తప్పిన సందర్భాలు తక్కువ.

ఎందుకింత ఆరా? డబ్బు పందేల కోసం అనుకునే వీల్లేదు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేల ఆటలను 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రమూ డబ్బు ఆటల మీద చట్టం చేసింది. (చట్టం ఉంది కాబట్టి పందెం లేదని నేను ప్రమాణం చెయ్యను.) నాకు కనిపించిన కారణం వేరే. ఆటగాడు కొట్టే సిక్సర్ వీళ్లు కొట్టలేరు, వేసే యార్కర్ వీళ్లు వెయ్యలేరు. నడుం పట్టేయడం, మోకాలు వాయడం మాత్రం వీళ్లకూ ఉన్నవే. ‘ఎన్ని వారాలు? తిరిగొచ్చేసరికి ఆ చోటు ఉంటుందా?’ అన్నవి వీళ్లు తమ గురించి ఎప్పుడో ఒకప్పుడు అడుక్కున్న ప్రశ్నలే.

ఒకరి విరిగిన చెయ్యి

చోటు సంగతే తీసుకుందాం. 2020 డిసెంబర్ 19న అడిలైడ్‌లో భారత జట్టు 36 పరుగులకే చాప చుట్టేసిన ఆ పూట, చివర్లో బ్యాటింగ్‌కు వచ్చిన మహ్మద్ షమీ కుడి ముంజేతికి కమిన్స్ బంతి తగిలి ఎముక విరిగింది. ఆ ఖాళీలోకి వారం తిరగ్గానే మెల్‌బోర్న్‌లో హైదరాబాద్ టోలీచౌకీ కుర్రాడు మహ్మద్ సిరాజ్ టెస్టు టోపీ పెట్టుకున్నాడు. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి నెల రోజుల ముందే చనిపోయినా, ఆస్ట్రేలియాలోనే ఆగిపోయిన కొడుకతను. ఆ సిరీస్‌లో ఉమేశ్ యాదవ్‌కు పిక్క, జడేజాకు బొటనవేలు, బుమ్రాకు పొత్తికడుపు, అశ్విన్‌కు నడుం... ఒక్కొక్కరే రాలిపోయారు. బ్రిస్బేన్‌కు వచ్చేసరికి రెండంటే రెండు టెస్టుల అనుభవమున్న సిరాజ్ బౌలింగ్ దళానికి పెద్దదిక్కు. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. జనవరి 19న గబ్బాలో భారత్ గెలిచింది.

సిరాజ్ ఎదుగుదలను మనం ప్రతిభ కథగా, పట్టుదల కథగా చెప్పుకుంటాం. రెండూ నిజమే. దానికి తలుపు తీసింది మాత్రం షమీ చెయ్యి. అదే సిరీస్‌లో ఇంకో తెలుగువాడికి తలుపు మూసుకుంది.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరి 11న సిడ్నీలో ఒక పరుగు కోసం ఉరుకుతూ తొడ వెనక కండరం చింపుకున్నాడు. గెలుపు ఆశ పోయింది, మ్యాచ్ కాపాడుకోవాలి. అవతలి కొసన అశ్విన్. ఆ పొద్దున నడుం నొప్పితో బూట్ల లేసులు కట్టుకోవడానికి కూడా వంగలేకపోయాడని ఆయన భార్య తర్వాత చెప్పింది. పరుగెత్తలేని ఒకడు, వంగలేని ఒకడు కలిసి 40 ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతుల్లో 23. అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ నాటౌట్. మ్యాచ్ డ్రా.

ఆ ఆట ఇంకా సాగుతుండగానే అప్పటి కేంద్ర సహాయమంత్రి బాబుల్ సుప్రియో, 109 బంతుల్లో 7 పరుగులా అంటూ, విహారి క్రికెట్‌ను చంపేశాడని ట్వీట్ పెట్టారు. పేరు కూడా ‘బిహారి’ అని తప్పు రాశారు. విహారి వాదించలేదు. తన పేరు సరిగ్గా ఎలా రాయాలో మాత్రం చూపించి ఊరుకున్నాడు. ఆ జవాబుకు దేశమంతా చప్పట్లు కొట్టింది. నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. టీవీలో మ్యాచ్ చూస్తున్న మనిషికి ఆ కాలిలో ఏం జరిగిందో కనిపించలేదు. కట్టు లేదు, నెత్తురు లేదు. మెల్లగా ఆడుతున్న బ్యాట్స్‌మన్ ఒక్కడే కనిపించాడు.

రెండేళ్ల తర్వాత అదే విహారికి కనిపించే దెబ్బ తగిలింది. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. ఆంధ్ర కెప్టెన్‌గా ఆడుతుంటే ఆవేశ్ ఖాన్ బౌన్సర్ ఎడమ మణికట్టు విరగ్గొట్టింది. 16 పరుగుల దగ్గర వెనక్కి వెళ్లినవాడు మర్నాడు చివరి బ్యాట్స్‌మన్‌గా తిరిగొచ్చాడు. కుడిచేతి ఆటగాడు ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు, విరిగిన చెయ్యి బంతికి ఎదురుగా ఉండకూడదని. ఒంటిచేత్తో ఆడి 27 దాకా తీసుకెళ్లాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే వచ్చి 15 చేశాడు. ఆంధ్ర ఓడిపోయింది. ఈసారి ‘చంపేశాడు’ అన్నవాడు ఒక్కడూ లేడు. వీడియో చూసిన ప్రతివాడూ దండం పెట్టాడు.

మనిషి ఒకడే, ఓర్పూ ఒకటే. మొదటిసారి దెబ్బ లోపల ఉంది, రెండోసారి బయట ఉంది. ఆ సిడ్నీ తర్వాత మళ్లీ టెస్టు ఆడటానికి విహారికి దాదాపు ఏడాది పట్టింది. మొత్తం 16 టెస్టుల దగ్గరే లెక్క ఆగింది. చోటు ఎటో పోయింది.

కోసుకున్న వేలు, పట్టేసిన నడుం

ఈ తేడా పోతిరెడ్డిపల్లికి కొత్త కాదు. ఈఎస్ఐ కార్డున్న ప్రతి కార్మికుడికీ ఇది అంకెల్లో తెలుసు. పనిచేస్తుండగా దెబ్బ తగిలిందని తేలితే కోలుకునేదాకా రోజుకూలిలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బు కింద సెలవు పెడితే 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. ప్రెస్ కింద వేలు నలిగితే ఏ రోజు, ఏ గంటకు, ఏ మెషిన్ మీద అన్నది రిజిస్టర్‌లో ఉంటుంది. ఎనిమిదేళ్లుగా బస్తాలు ఎత్తుతున్న నడుం ఒకనాడు వంగనంటే అది ఏ రోజు మొదలైందని రాస్తారు?

ఒక ఫార్మా యూనిట్‌లో లోడింగ్ పనిచేసే నడివయసు మనిషి రోజూ ఆ టీ కొట్టుకు వస్తాడు. కూర్చునేటప్పుడు ముందు కుడిచెయ్యి బల్ల మీద ఆనించి, బరువంతా దాని మీద వేసి, అప్పుడు మెల్లగా కిందికి దిగుతాడు. లేచేటప్పుడూ అంతే. అడిగితే ‘‘ఏం లేదు, పట్టేసింది’’ అంటాడు. పక్కన కూర్చున్న కుర్రాడికి చూపుడు వేలు మొదటి కణుపు లేదు. అందరూ ముందు అతణ్నే పలకరిస్తారు. నడుం మనిషిని ‘‘ఇవాళ కూడా డ్యూటీ ఎగ్గొట్టినవా కాకా?’’ అని నవ్వుతారు. నితీశ్ సంగతిలో కూడా ఆయన తీర్పు వేరే. మిగతావాళ్లు ‘‘గింత చిన్న పోరనికి గిన్ని గాయాలేంది, జిమ్‌ల బరువులెక్కువైనయ్’’ అంటుంటే ఆయన అడ్డం పడతాడు. ‘‘లోపల ఏమైతుందో ఆనికే తెల్వాలె. నువ్వు చూసినవా?’’

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్న తర్వాత ఈ ప్రాంతంలో ‘గాయం’ అనే మాట కొన్నాళ్లు ఆట కబుర్లలో వినపడలేదు. నితీశ్ మోకాలి వార్త వచ్చింది ఆ మూడు వారాలకే. దాన్ని మాట్లాడుకోవడం మొదలైనప్పుడు, చౌరస్తా మళ్లీ మామూలు దారిలో పడుతోందని కొందరికి ఊరట కలిగింది. ఆట వార్తకు ఉన్న ఉపయోగాల్లో ఇదీ ఒకటని ఒప్పుకోవాలి.

పాత లెక్కలు

హైదరాబాద్ ఆటల చరిత్రలో ఈ కనిపించే, కనిపించని గాయాల కథ పాతదే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విద్యార్థిగా ఆట నేర్చి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన హైదరాబాదీ. లీగ్ దశలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని పక్కన పెట్టలేదు. వెనక నుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. కుట్లున్న తలతో జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లో మరొకటి. 2-1తో స్వర్ణం. ఇవాళైతే తలకు అలాంటి దెబ్బ తగిలినవాణ్ని ఏ డాక్టరూ మైదానంలోకి పంపడు. ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవాలా అంటే నేను తటపటాయిస్తాను.

జర్నైల్ తలకట్టు అందరికీ తెలుసు. అదే జట్టులో ఆడిన సికింద్రాబాద్ అమ్ముగూడ మనిషి తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆ మరుసటి ఏడాదే, ఇరవై ఏడేళ్లకే ఆట మానెయ్యాల్సి వచ్చిందని ఎంతమందికి తెలుసు? ఇక రహీం. ఆ టోర్నీ నాటికే క్యాన్సర్‌తో ఉన్న ఆయన 1963 జూన్‌లో కన్నుమూశారు.

హైదరాబాద్ క్రికెటర్ వీవీఎస్ లక్ష్మణ్ విషయంలో మాత్రం కనిపించని నొప్పి కనిపించింది, రన్నర్ ఉన్నాడు కాబట్టి. 2010 అక్టోబర్ 5, మొహాలీ, ఆస్ట్రేలియా మీద లక్ష్యం 216. 124కు ఎనిమిది వికెట్లు పోయాయి. నడుం పట్టేసిన లక్ష్మణ్ క్రీజులో, ఆయన బదులు ఉరికేది సురేశ్ రైనా. ఇషాంత్ శర్మతో కలిసి 81 జోడించాడు. చివరికి ఒక్క వికెట్ చేతిలో ఉన్నప్పుడు, ఎప్పుడూ గొంతు పెంచని ఆ మనిషి మన హైదరాబాద్ జట్టు తమ్ముడు ప్రజ్ఞాన్ ఓఝా మీద బ్యాటెత్తి అరిచాడు. 73 నాటౌట్, వికెట్ తేడాతో గెలుపు. మరుసటి ఏడాది అక్టోబర్ నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్లను ఎత్తేశారు. ఆ రన్నర్ ఉండి ఉంటే సిడ్నీలో విహారి పక్కన ఇంకొకడు ఉరికేవాడు, విహారికి ఏదో అయిందని చూసేవాళ్లకు అర్థమయ్యేది. దెబ్బతిన్న ఆటగాళ్లు కోలుకోవడానికి వెళ్లే బెంగళూరు కేంద్రానికి 2021 డిసెంబర్ నుంచి పెద్ద లక్ష్మణే.

బ్యాడ్మింటన్‌లో సైనా రియోలో గ్రూపు దశలోనే ఓడిపోతే ఆ రాత్రి తిట్టినవాళ్లు, కొద్ది రోజులకే మోకాలి ఆపరేషన్ అని చదివి గమ్మున ఉన్నారు. 2022లో సింధు కామన్వెల్త్ స్వర్ణం ఎడమ పాదంలో పగులుతోనే గెలిచింది. దానికి వెల మిగతా ఏడాదంతా ఆటకు దూరంగా ఉండటం. వీళ్లిద్దరినీ తీర్చిదిద్దిన గోపీచంద్ సొంత కథ తెలిసినవాళ్లకు ఆ మౌనం విలువ తెలుసు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో ఆయన ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001 మార్చిలో. మధ్య ఏడేళ్లలో ఆయన మోకాలి గురించి రోజూ ఆరా తీసిన అభిమానులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉండి ఉంటారు.

కాలేజీ జట్టులో అయితే

పెద్ద ఆటగాడి మోకాలికి స్కానూ ఉంది, సర్జనూ ఉన్నాడు, బెంగళూరూ ఉంది. కబడ్డీలో పవన్ సెహ్రావత్ 2022లో 2.26 కోట్లకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకుని సీజన్ అంతా బయట కూర్చున్నా, మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2.6 కోట్లకు పైగా పెట్టి కొనుక్కుంది. డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడే కుర్రాడి మోకాలికి వేలంపాట లేదు.

సంగారెడ్డిలో అలాంటి కుర్రాణ్ని చూశాను. సాయంత్రం ఆట. బంతి కోసం ఒక కాలు నేలకు తన్నిపెట్టి ఒళ్లు పక్కకు తిప్పాడు. ఎవరూ తగల్లేదు. తగల్లేదు కాబట్టే ఆట ఆగలేదు. తనకు ‘టక్’మని వినిపించిందని ఆ తర్వాత చెప్పాడు. కాసేపటికి లేచి నడిచాడు కూడా. గంట దాటేసరికి మోకాలిచిప్ప అంచులు కనపడనంతగా వాచింది. మర్నాడు ఆర్థోపెడిక్ డాక్టర్ మోకాలిని కొంచెం వంచి, ఒక చేత్తో తొడను బిగించి, రెండో చేత్తో పిక్కను తనవైపు లాగాడు. ఎముక ముందుకు జారింది, ఎక్కడా ఆగలేదు. ఆ ఆగకపోవడమే రోగనిర్ధారణ. లోపల ఆపే లిగమెంట్ తెగిందన్నమాట. ‘‘స్కాన్ తీస్తే ఖాయంగా తెలుస్తుంది’’ అన్నాడు డాక్టర్. కుర్రాడు స్కాన్ సంగతి తర్వాత అడిగాడు. ముందు అడిగింది ‘‘ఇంటర్ కాలేజీకి ఆడొచ్చా సార్?’’ అని. ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ ఆటకు తొమ్మిది నెలలైనా పడుతుందని విన్నాక తండ్రి ముఖం చూశాడు. తండ్రి బొల్లారంలో హెల్పర్. తండ్రికి ఫ్యాక్టరీలో దెబ్బ తగిలితే చట్టంలో ఒక గడి ఉంది. కొడుక్కి కాలేజీ బనీను మీద తగిలినదానికి ఏ గడీ లేదు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే వేరే ఆట, వేరే లోకం. లక్ష మంది పట్టే స్టేడియాలు, టీవీ ఒప్పందాలు. ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లలు ఏడాది తిరక్కుండానే జట్టు రంగు చొక్కాలు తొడుక్కుంటారు. (తెలుగు పిల్లలు కిక్కిరిసి చదివే యూటీ డల్లస్ యూనివర్సిటీకి మాత్రం ఆ ఆట జట్టే లేదు. అందుకే ఇప్పటిదాకా ఓడిపోలేదని అక్కడ జోకు.) అక్కడా అభిమానుల మొదటి ప్రశ్న గాయాలే. టెక్సస్ లాంటి పెద్ద జట్లున్న ఎస్ఈసీ లీగ్ 2024 నుంచి, మ్యాచ్ వారం బుధవారం మొదలుపెట్టి ఆటకు గంటన్నర ముందు దాకా, ఎవరు ఆడొచ్చు, ఎవరిది అనుమానం, ఎవరు బయట అని జాబితా ప్రకటిస్తోంది. జట్టు దాచిపెడితే జరిమానా. ఇదంతా పారదర్శకత మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. పందేలు చట్టబద్ధమయ్యాక, లోపలి కబురు కోసం జూదగాళ్లు కుర్రాళ్ల వెంట పడటం ఎక్కువైంది. జాబితాలో పేరు ఉంటుంది, స్థితి ఉంటుంది. ఏ అవయవమో, ఎంత నొప్పో ఉండదు. నాకు అది సబబుగానే తోస్తుంది. ఆడతాడా లేదా అన్నది చూసేవాడి హక్కు, లోపల ఏం తెగిందన్నది ఆ కుర్రాడి సొంతం. ఇంకో మంచి సంగతి, అక్కడి పై శ్రేణి కాలేజీలు ఆటలో తగిలిన గాయానికి చదువు ముగిశాక కూడా రెండేళ్లు వైద్యం భరించాలన్న నిబంధన 2024 ఆగస్టులో వచ్చింది. మన దగ్గర జాబితా అక్కర్లేదు, ఆ రెండో నిబంధన వస్తే చాలు.

ఇక్కడా ఒకటి కదిలింది. 2025 జూలైలో మాంచెస్టర్‌లో రిషభ్ పంత్ విరిగిన పాదంతో కుంటుకుంటూ బ్యాటింగ్‌కు వచ్చాక, తీవ్ర గాయమైతే బదులు ఆటగాణ్ని దించే వీలు బీసీసీఐ 2025-26 దేశవాళీ బహుళరోజుల మ్యాచ్‌లకు కల్పించింది. అయితే ఆటలో బయటి నుంచి తగిలిన దెబ్బే అయ్యుండాలి: ఎముక విరగడం, లోతుగా తెగడం, కీలు తొలగడం లాంటివి. ఈ లెక్కన ఇండోర్ విహారికి బదులు మనిషి వచ్చేవాడు. సిడ్నీలో తగిలినటువంటి గాయం రంజీలో తగిలితే రాడు. తొడ కండరం చిరగడానికి బయటివాడు అక్కర్లేదు.

దీన్ని వ్యతిరేకించేవాళ్ల మాటనూ కొట్టిపారెయ్యలేం. ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ మాంచెస్టర్‌లోనే అడ్డం చెప్పాడు. ఎవణ్ని స్కాన్ యంత్రంలోకి తోసినా ఏదో ఒకటి తేలుతుంది, అలసిన బౌలర్‌ను మార్చుకోవడానికి అది చాలంటాడు. చౌరస్తాలో ఈ వాదన చెబితే వేలు తెగిన కుర్రాడు ఒప్పుకున్నాడు, నడుం మనిషి ఒప్పుకోలేదు. ఆ మాటన్న కొద్ది రోజులకే స్టోక్స్ కుడి భుజం కండరం చిరిగిందని స్కాన్‌లో తేలి ఆయనే ఓవల్ టెస్టుకు దూరమయ్యాడు. ఓవల్లో ఆగస్టు 4న ఇంగ్లండ్ చివరి బ్యాట్స్‌మన్‌గా క్రిస్ వోక్స్ ఎడమ భుజం కీలు తొలిగి, చేతిని స్వెటర్ లోపల కట్టేసుకుని ఒంటిచేత్తో దిగాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అవతల బంతి పట్టుకున్నది మన సిరాజ్. అయిదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, ఒక్క రోజు కూడా గాయం వార్తల్లోకి ఎక్కనివాడు. వోక్స్ ఒక్క బంతీ ఎదుర్కోకుండానే అట్కిన్సన్ స్టంప్ లేచింది. భారత్ 6 పరుగులతో గెలిచింది. సెప్టెంబర్ 29న వోక్స్ అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్నాడు. అప్పటికే ఇంగ్లండ్ ప్రకటించిన యాషెస్ జట్టులో ఆయన పేరు లేదు.